ఫోన్, టాబ్లెట్ కవర్లనూ హోల్డర్లనూ ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

ఫోన్ కవరు మూల పగిలినా, టాబ్లెట్ ఫ్లిప్ కవరు మడత దగ్గర చీలినా, కారులోని హోల్డర్ మాటిమాటికీ ఊడిపడుతున్నా చాలామంది చేసే పని ఒక్కటే. చేతికందిన సూపర్ గ్లూ ఒక చుక్క వేసి, రెండు నిమిషాలు అదిమిపట్టి, అతుక్కుందని వదిలేస్తారు. మర్నాటికి అది మళ్ళీ ఊడుతుంది. జిగురులో బలం లేకపోవడం వల్ల ఇలా జరగడం అరుదు. వస్తువు ఏ పదార్థంతో తయారైందో చూడకపోవడం, విరిగిన చోట బరువు ఎటువైపు లాగుతోందో గమనించకపోవడం, అతికించే చోటును శుభ్రం చేయకపోవడం అసలు కారణాలు. ఈ మూడింటినీ సరిచూసుకుని, జిగురు ఆరడానికి కావలసినంత సమయం ఇస్తే, పారేద్దామనుకున్న కవర్లలోనూ హోల్డర్లలోనూ చాలావాటిని ఇంట్లో ఉండే పనిముట్లతోనే తిరిగి వాడుకలోకి తెచ్చుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు

ఇన్నాళ్ళూ సరిగ్గా కూర్చున్న కవరు ఉన్నట్టుండి బిగుతైపోయినా, దాని అంచు ఒక పక్క లేస్తున్నా, తప్పు కవరుది కాకపోవచ్చు. ఫోన్‌ను బయటికి తీసి, చదునైన బల్లమీద తెర కిందికి వచ్చేలా బోర్లా పెట్టి, ఒక మూలను వేలితో మెల్లగా తాకి చూడండి. ఫోన్ ఊగినా, తెర అంచు చట్రం నుంచి వెంట్రుకవాసి లేచి కనిపించినా బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. అలాంటి ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టకూడదు, నొక్కకూడదు, నేరుగా సర్వీసు సెంటరుకు తీసుకువెళ్ళాలి. దానిమీద కవరును బలవంతంగా బిగించడం ప్రమాదకరం కాబట్టి ఈ పరీక్షను మిగతా అన్నిటికంటే ముందు చేయమంటున్నాను.

జిగురుతో చేసే పని ఏదైనా ఫోన్‌ను మరో గదిలో పెట్టి చేయడం మంచిది. సూపర్ గ్లూ గాలిలోని తేమను తీసుకుని గట్టిపడుతుంది. ఆ సమయంలో వెలువడే ఆవిరి చుట్టుపక్కల వస్తువుల మీద తెల్లని పొరలా పేరుకుంటుంది. ఆ పొర కెమెరా అద్దం మీద పడితే దాన్ని గీత పడకుండా తీయడం కష్టం. అయితే కవరును అతికించేటప్పుడు అది ఆకారం చెడకుండా ఉండాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి కదా. అందుకోసం అట్టముక్కలను ఫోన్ కొలతకు కత్తిరించి, ఫోన్ మందం వచ్చేవరకు ఒకదానిపై ఒకటి పేర్చి, టేపుతో చుట్టి, పైన పల్చని పాలిథీన్ సంచి బిగుతుగా తొడగండి. సూపర్ గ్లూ పాలిథీన్‌ను పట్టుకోదు. అందువల్ల జిగురు ఆరాక ఈ డమ్మీ కవరులోంచి తేలికగా బయటికి వస్తుంది. టాబ్లెట్‌కు కూడా ఇలాగే పెద్ద డమ్మీ ఒకటి చేసి ఉంచుకుంటే చాలా పనులకు అక్కరకు వస్తుంది.

ఏ పదార్థానికి ఏ జిగురు

వేలితో వంచితే వంగి, వదలగానే మళ్ళీ యథాస్థితికి వచ్చే పారదర్శకమైన మెత్తని కవర్లు ఎక్కువగా టీపీయూ అనే ప్లాస్టిక్‌తో తయారవుతాయి. అంతకంటే ఎక్కువ సాగుతూ, మెరుపు లేకుండా, జేబులోని నూగునంతా పట్టేసుకునేది సిలికోన్. గోటితో కొడితే టక్‌మని మోగే గట్టి కవర్లు పాలీకార్బనేట్‌వి. హోల్డర్లలో ఎక్కువగా ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ కనిపిస్తుంది. కొన్ని హోల్డర్ల లోపలి వైపున పదార్థం పేరును పొట్టి అక్షరాల్లో అచ్చువేసి ఉంటారు కాబట్టి, విప్పినప్పుడు ఒకసారి వెతికి చూడండి. తోలులా కనిపించే ఫ్లిప్ కవర్లలో అత్యధికం నిజానికి గుడ్డమీద పాలీయురిథేన్ పూత పూసినవే. చిరిగిన అంచున నేసిన గుడ్డ కనిపిస్తే అది పూత తోలు, పీచు కనిపిస్తే అసలు తోలు.

సిలికోన్‌కు సిలికోన్ జిగురు తప్ప మరేదీ అంటదు. దానిమీద సూపర్ గ్లూ ఎంత పోసినా పొరలా లేచివస్తుంది. స్నానాల గదుల్లో, కిటికీ అద్దాల చుట్టూ పూసే సిలికోన్ సీలెంట్‌ను చిరిగిన రెండు అంచులకూ పల్చగా రాసి, టేపుతో బిగించి ఒక రోజు ఉంచితే సిలికోన్ కవరు అతుక్కుంటుంది. టీపీయూ అతికించడానికి చెప్పులు, బూట్లు బాగుచేసే పాలీయురిథేన్ జిగురు సరైనది, ఎందుకంటే అది ఆరిన తర్వాత కూడా వంగుతుంది. సూపర్ గ్లూ కూడా టీపీయూను కొంతవరకు పట్టుకుంటుంది గానీ, ఆరాక గాజులా పెళుసైపోవడం వల్ల కవరును తొడిగి తీసే మొదటి రెండు మూడు సార్లలోనే ఆ గీత వెంట మళ్ళీ చీలుతుంది. పాలీకార్బనేట్‌కూ ఏబీఎస్‌కూ రెండు ట్యూబుల్లోని ద్రవాలను కలిపి వాడే ఎపాక్సీ జిగురు మంచిది. ఐదు నిమిషాల ఎపాక్సీ అని అమ్మేది ఐదు నిమిషాల్లో చేతికి అంటకుండా కదలిక ఆపుతుందే తప్ప, దానికి పూర్తి బలం రావడానికి 24 గంటలు పడుతుందని గుర్తుంచుకోండి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన భాగాలకు మామూలు జిగుర్లు ఏవీ పనిచేయవు. అక్కడ జిగురు మాట మరచిపోయి, రంధ్రాలు వేసి సన్నని తీగతోనో నట్టుబోల్టుతోనో బిగించడమే దారి.

జిగురు రాసేముందు ఆ చోటును సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, సన్నరకం ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, జిడ్డు తీసే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. చేతి జిడ్డు కంటికి కనిపించదు గానీ జిగురును మాత్రం అది నిలువనివ్వదు. తుడిచిన తర్వాత ఆ చోటును వేలితో తాకవద్దు. గోళ్ళ రంగు తీసే అసిటోన్‌ను మాత్రం పాలీకార్బనేట్ కవర్ల దగ్గరికి రానివ్వకండి. అది ఆ ప్లాస్టిక్‌లో సాలెగూడు లాంటి సన్నని నెర్రెలు పుట్టించి, పారదర్శకమైన భాగాన్ని మసకబారుస్తుంది.

పసుపెక్కిన పారదర్శక కవరు గురించి చాలామంది అడుగుతారు. ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్లా వేడివల్లా టీపీయూలో జరిగే రసాయన మార్పే ఆ పసుపు కాబట్టి, సబ్బూ వంటసోడా పైనున్న మురికిని మాత్రమే తీస్తాయి, రంగును వెనక్కి తీసుకురాలేవు. దానికోసం శ్రమపడవద్దు. రబ్బరులాంటి మృదువైన పూత ఉన్న పాత హోల్డర్లు కొంతకాలానికి జిగటగా మారితే మాత్రం పరిష్కారం ఉంది. ఆ పూత తేమకు విచ్ఛిన్నమై అలా అవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఓపికగా తుడిచేస్తే కింద గట్టి ప్లాస్టిక్ శుభ్రంగా బయటపడుతుంది.

పగిలిన గట్టి కవరు

గట్టి కవరులో పగులు సాధారణంగా కెమెరా రంధ్రం మూల నుంచో ఛార్జింగ్ రంధ్రం అంచు నుంచో మొదలవుతుంది. పదునైన మూల దగ్గర ఒత్తిడి అంతా ఒకే బిందువు మీద పడుతుంది కాబట్టి అలా జరుగుతుంది. పగులును అతికించే ముందు దాన్ని అక్కడితో ఆపాలి. పగులు చివర ఎక్కడుందో వెలుతురుకు పట్టి చూసి, సరిగ్గా ఆ చివర 1.5 మి.మీ. లేదా 2 మి.మీ. రంధ్రం నెమ్మదిగా వేయండి. పదునైన చివర పోయి గుండ్రని అంచు వస్తే ఒత్తిడి చెదిరిపోయి పగులు ముందుకు సాగదు. ఆ తర్వాత పగులును కొద్దిగా తెరిచి, అగ్గిపుల్లతో ఎపాక్సీ లోపలికి నింపి, డమ్మీని కవరులో పెట్టి చుట్టూ టేపు చుట్టి ఒక రోజు కదపకుండా ఉంచండి. లోపలి వైపు పల్చని ఫైబర్ గ్లాసు వల ముక్కను ఎపాక్సీలో ముంచి అతికిస్తే బలం బాగా పెరుగుతుంది, కానీ దాని మందం ఫోన్‌కు తగలకుండా ఆరాక ఉప్పుకాగితంతో చదును చేయాలి. నూలు గుడ్డ మీదా దూది మీదా సూపర్ గ్లూ మాత్రం పోయకండి. ఆ రెండూ కలిసినప్పుడు చేయి కాలేంత వేడి పుట్టవచ్చు.

నాలుగు మూలల్లో ఏదైనా విడిపోయిన కవరు విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. ఫోన్ కింద పడినప్పుడు ఎక్కువసార్లు దెబ్బ తీసుకునేది మూల. అతికించిన మూల చూడడానికి బాగానే ఉన్నా, దెబ్బను పీల్చుకునే గుణం దానికి తిరిగి రాదు. బల్లమీద వాడే టాబ్లెట్‌కు అది చాలు, రోజంతా చేతిలో ఉండే ఫోన్‌కు చాలదు. అలాంటి కవరు మార్చడమే మంచిది.

లావుపాటి ఛార్జర్ పిన్ను కవరు రంధ్రంలో పట్టకపోతే రంధ్రాన్ని పెద్దది చేయడం తేలిక. మెత్తని కవరైతే పదునైన బ్లేడుతో, గట్టి కవరైతే సన్నని గుండ్రటి ఆకురాయితో కొద్దికొద్దిగా తీస్తూ పోవాలి. మూలలను ఎప్పుడూ గుండ్రంగానే వదలండి. కవరులో ఫోన్ ఉండగా ఈ పని చేస్తే పొడి రంధ్రాల్లోకి వెళ్తుంది కనుక ఖాళీ కవరుతోనే చేసి, కడిగి ఆరబెట్టి తొడగండి.

టాబ్లెట్ ఫ్లిప్ కవరు మడత చిరిగినప్పుడు

ఫ్లిప్ కవరులో అన్నిటికంటే ముందు పాడయ్యేది వెన్ను, అంటే రెండు అట్టలనూ కలిపే మడత. రోజూ అనేకసార్లు తెరిచి మూయడం వల్ల పూత పొలుసులుగా రాలి, లోపలి గుడ్డ చీలిపోతుంది. దీన్ని సరిగా బాగుచేస్తే కొత్త కవరు కంటే గట్టిగా నిలుస్తుంది. అందుకే ఈ పనిని కాస్త వివరంగా చెబుతాను.

ముందుగా వదులైన పొలుసులన్నిటినీ గోటితో లాగి, గట్టిగా పట్టుకుని ఉన్న పూత వచ్చేదాకా తీసేయండి. చూడడానికి అందవిహీనంగా ఉంటుందని సగంలో ఆపవద్దు. పొలుసు మీద రాసిన జిగురు పొలుసును మాత్రమే పట్టుకుంటుంది. ఆ తర్వాత డమ్మీని కవరులో పెట్టి మూసి, వెన్ను వెడల్పు కొలవండి. కొత్త పట్టీ ఆ వెడల్పుకు తోడు అటూ ఇటూ 2 సెం.మీ. చొప్పున ఎక్కువ ఉండాలి. పొడవులో కూడా రెండు చివరలా కొంత వదిలితే అంచులను లోపలికి మడిచి అతికించవచ్చు, అప్పుడు దారాలు ఊడవు. పట్టీకి పుస్తకాల బైండింగు గుడ్డ గానీ పల్చని కాన్వాసు గానీ తీసుకోండి. సాగే బట్ట పనికిరాదు, ఎందుకంటే నెల తిరక్కుండానే అట్ట జారి పక్కకు పోతుంది.

కత్తిరించిన పట్టీని ముందు జిగురు లేకుండా క్లిప్పులతో బిగించి, కవరును తెరిచి, వెనక్కి మడిచి, స్టాండులా నిలబెట్టి చూడండి. ఎక్కడైనా లాగినట్టు అనిపిస్తే పట్టీని అటో ఇటో జరిపి, సరైన చోట పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు అట్ట అంచులను ఉప్పుకాగితంతో లేతగా రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, చెప్పులకు వాడే రబ్బరు జిగురును అట్టకూ పట్టీకీ రెండింటికీ పల్చగా పూయండి. ఈ జిగురు తడిగా ఉన్నప్పుడు అతికించకూడదు. వేలితో తాకితే అంటీ అంటనట్టు ఉండే స్థితికి రావడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ స్థితిలో రెండు పూతలూ ఒకదానికొకటి తగిలితే అక్కడికక్కడే పట్టేస్తాయి, మళ్ళీ సరిచేసుకునే అవకాశం ఉండదు. అందువల్ల పట్టీకీ అట్టకూ మధ్య మైనపు కాగితం ఒకటి పెట్టి, పట్టీని గుర్తుల ప్రకారం సరిగ్గా అమర్చుకున్నాక, ఒక చేత్తో కాగితాన్ని కొద్దికొద్దిగా లాగుతూ రెండో చేత్తో అదుముతూ పోవాలి.

ఈ అతికింపు కవరు మూసి ఉండగానే, లోపల డమ్మీతో చేయాలన్నది మరువకండి. పట్టీని ముందు వెనకవైపు అట్టకు అతికించి, డమ్మీ మందం చుట్టూ తిప్పి తెచ్చి పైఅట్టకు అతికించాలి. కవరును బల్లమీద పరిచి అతికిస్తే చదునుగా, అందంగా వస్తుంది గానీ, మూసేటప్పుడు బయటి పట్టీ టాబ్లెట్ మందాన్ని చుట్టి రావలసి ఉంటుంది కాబట్టి పొడవు చాలదు. పైఅట్ట రెండు మూడు మి.మీ. వెనకే ఆగిపోతుంది, అంచున ఉన్న అయస్కాంతాలు ఎదురుబొదురుగా రావు, కవరు పూర్తిగా మూసుకోదు. మడత లోపలి వైపున కూడా ఒక పట్టీ వేస్తే, దాన్ని మాత్రం ఇందుకు భిన్నంగా కవరు తెరిచి ఉంచి, చెంచా కాడతో మడత గాడిలోకి నొక్కుతూ అతికించాలి. రెండూ అయ్యాక బరువైన పుస్తకాల కింద ఒక రోజు ఉంచండి.

కవరు మూస్తే తెర ఆరిపోవడం, తెరిస్తే వెలగడం ఆగిపోయిందంటే, పైఅట్టలోని చిన్న అయస్కాంతం జారిపోయి ఉంటుంది. టాబ్లెట్ అంచు లోపల అయస్కాంతాన్ని గుర్తించే హాల్ సెన్సరు ఉంటుంది. దాని చోటు తెలుసుకోవడానికి తెర వెలిగించి, చిన్న అయస్కాంతం ఒకటి అంచు వెంట మెల్లగా కదిలించి, తెర ఎక్కడ ఆరిపోతుందో చూడండి. కొన్ని టాబ్లెట్లు అయస్కాంతం ఒక ముఖాన్ని మాత్రమే గుర్తిస్తాయి. కనుక పనిచేసిన ముఖం మీద మార్కరుతో చుక్క పెట్టుకుని, 1 మి.మీ. మందం గల బిళ్ళను ముందు మామూలు టేపుతో అంటించి ఒక రోజు వాడి చూసి, ఆ తర్వాతే అట్ట పొరల మధ్యకు చేర్చి అతికించండి.

అసలు తోలు కవరు కుట్టు ఊడితే జిగురు అవసరమే లేదు. మైనం పట్టించిన దారానికి రెండు చివరలా రెండు సూదులు ఎక్కించి, పాత రంధ్రాల్లోంచే ఒక్కో రంధ్రంలో రెండు సూదులనూ ఎదురెదురుగా దూర్చుతూ కుట్టండి. ఈ కుట్టులో ఒక దారం తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది.

ఊడిపోయే ఉంగరాలు, అంటుడు బిళ్ళలు

కవరు వెనక అంటించే వేలి ఉంగరం ఊడిపోతే, పాత జిగురు మీదే మళ్ళీ జిగురు వేయవద్దు. ముందు హెయిర్ డ్రైయరుతో కొద్దిగా వెచ్చబరిచి, గట్టి దారాన్ని కిందికి దూర్చి రంపంలా లాగితే మిగిలిన నురుగు టేపు ఊడివస్తుంది. అంటుకుని ఉన్న బంకను ఒక చుక్క వంటనూనెతో మెత్తబరిచి, సబ్బుతో కడిగి, చివరగా ఆల్కహాల్, నీళ్ళు సమపాళ్ళలో కలిపిన ద్రవంతో తుడవండి. కొత్తగా వేసేందుకు 3ఎం సంస్థవారి వీహెచ్‌బీ లాంటి అక్రిలిక్ నురుగు టేపు ఉత్తమమైనది. ఈ రకం టేపుకు అంటించిన 20 నిమిషాల్లో సగం బలమే వస్తుంది, 24 గంటలకు 90 శాతం, 72 గంటలకు పూర్తి బలం వస్తుంది. అంటించిన వెంటనే ఫోన్‌ను వేలికి తగిలించుకుని తిరిగేవారి ఉంగరాలు ఎందుకు ఊడుతున్నాయో ఈ లెక్కలోనే ఉంది. 15 సెకన్లపాటు బలంగా నొక్కి, కనీసం ఒక రోజు బరువు పెట్టకుండా వదిలేయండి. సిలికోన్ కవరు మీద ఈ టేపు కూడా నిలవదు.

సక్షన్ కప్పు హోల్డర్

రబ్బరు సక్షన్ కప్పుతో కారు అద్దానికి అంటుకునే హోల్డర్ ఊడిపడితే ఫోన్ బరువెక్కువైందని అనుకోవడం సహజం. లెక్క వేసి చూస్తే అలా కాదని తెలుస్తుంది. గాలి పీడనం ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 1 కిలో బరువుతో నొక్కుతుంది. 6 సెం.మీ. వ్యాసం గల కప్పు వైశాల్యం సుమారు 28 చదరపు సెం.మీ. కాబట్టి, లోపలి గాలి మొత్తం పోతే 28 కిలోల బలం దాన్ని అద్దానికి నొక్కి ఉంచుతుంది. లోపలి గాలి పూర్తిగా పోదు గనుక అందులో కొంతే దక్కినా, 200 గ్రాముల ఫోన్‌కు అది ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే కప్పు ఊడుతున్నది బరువుకు కాదు, అంచు కిందినుంచి గాలి మెల్లగా లోపలికి చేరడం వల్ల. మరమ్మతంతా ఆ గాలి దారులను మూయడమే.

కప్పును గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేసి కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి, ఎందుకంటే గుడ్డ నూగు ఒక్క పోగు అంచు కింద ఉన్నా గాలికి దారి దొరుకుతుంది. అంచు వంకరపోయి ఉంటే, చేయి పెట్టగలిగినంత వేడినీటిలో కొన్ని నిమిషాలు ఉంచి, బయటికి తీసి, అద్దం ముక్క మీద చదునుగా నొక్కి చల్లారనివ్వండి. అద్దాన్ని కూడా ఆల్కహాల్‌తో తుడవాలి, ముఖ్యంగా లోపలి వైపున, ఎందుకంటే డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వేడికి వెలువడే ఆవిర్లు అక్కడ పల్చని జిడ్డుపొరగా చేరతాయి. అతికించే ముందు అంచు చుట్టూ తడివేలితో ఒక్కసారి రాయండి. నీటి పొర సన్నని గీతలను మూసేస్తుంది. కప్పు అంచులో చిరుగు గానీ గట్టిపడిన నెర్రె గానీ ఉంటే పై చిట్కాలేవీ పనిచేయవు, కప్పును మాత్రం విడిగా మార్చుకోండి.

గరుకు డ్యాష్‌బోర్డు మీద మామూలు సక్షన్ కప్పు నిలవదు. జిగట జెల్ ఉన్నదే వాడాలి. జెల్ పట్టు తగ్గితే పంపు కింద కడిగి, గాలికి ఆరబెడితే చాలు. కరిగించి పూసే హాట్ గ్లూతో మాత్రం కారులో ఏ మరమ్మతూ చేయకండి. నేరుగా ఎండపడే డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరగలదు, ఆ వేడికి హాట్ గ్లూ మెత్తబడి జారిపోతుంది. వేడినీటిలో వేస్తే మెత్తనై, చేత్తో మలుచుకోవడానికి వీలయ్యే తెల్లని పాలీకాప్రోలాక్టోన్ గింజలకూ ఇదే పరిమితి. అవి 60 డిగ్రీల దగ్గరే కరుగుతాయి. ఇంట్లో బల్లమీది స్టాండుకు విరిగిన కొక్కెం చేయడానికి అవి చక్కనివి, కారుకు పనికిరావు. హోల్డర్‌ను ఎక్కడ పెట్టినా ఎయిర్‌బ్యాగు మూత మీద గానీ, అది తెరుచుకునే దారిలో గానీ, దారి కనిపించే చూపుకు అడ్డంగా గానీ ఉండకూడదు.

అయస్కాంతపు హోల్డర్ పట్టు తగ్గితే ముందు కవరు మందాన్ని అనుమానించండి, ఎందుకంటే దూరం కొద్దిగా పెరిగినా అయస్కాంతపు లాగుడు వేగంగా పడిపోతుంది. కవరు లోపల పెట్టే ఇనుప రేకు వైర్‌లెస్ ఛార్జింగ్‌ను అడ్డుకుని వేడెక్కుతుంది గనుక ఆ ఛార్జింగ్ వాడేవారు రేకును వాడకూడదు. గుండెకు పేస్‌మేకర్ లాంటి పరికరం అమర్చినవారు అయస్కాంతాలున్న ఫోన్‌నూ ఉపకరణాలనూ ఆ పరికరానికి 15 సెం.మీ. కంటే దూరంగా, వైర్‌లెస్ ఛార్జింగ్ జరుగుతుంటే 30 సెం.మీ. కంటే దూరంగా ఉంచాలని యాపిల్ సంస్థ సూచిస్తోంది.

వదులైన కీళ్ళు, పట్టుతప్పిన బిగింపులు

హోల్డర్ తల కిందికి వాలిపోతుంటే, లోపలి బంతికీ దాన్ని పట్టుకునే గిన్నెకూ మధ్య రాపిడి తగ్గిందని అర్థం. మరను ఇంకా ఇంకా బిగిస్తే గిన్నె పగులుతుంది. మరను పూర్తిగా విప్పి, బంతిని సబ్బుతో కడిగి జిడ్డు తీసి, ఉప్పుకాగితంతో లేతగా గరుకు చేసి మళ్ళీ బిగించి చూడండి. అప్పటికీ జారుతుంటే, పల్చని రబ్బరు చేతితొడుగు నుంచి చిన్న ముక్క కత్తిరించి బంతి మీద కప్పి, దానిమీద గిన్నెను బిగించండి. మిగిలిన అంచును బ్లేడుతో కత్తిరిస్తే బయటికి కనిపించదు.

ఫోన్‌ను రెండు పక్కలా పట్టుకునే దవడల మీది రబ్బరు ఊడిపోతే, పాత సైకిల్ ట్యూబు ముక్క అంతకంటే మంచి పట్టునిస్తుంది. కావలసిన కొలత కంటే 2 మి.మీ. పెద్దగా కత్తిరించి, రబ్బరు జిగురుతో అతికించి, ఆరాక అంచులు కత్తిరించండి. ముందే సరిగ్గా కత్తిరించి అతికించాలని చూస్తే ఎక్కడో ఒకచోట తక్కువ పడుతుంది. లోపలి స్ప్రింగు జారిన హోల్డర్‌ను విప్పవలసి వస్తే, దాన్ని పెద్ద పారదర్శక సంచిలో పెట్టి, చేతులు లోపల ఉంచి విప్పండి. స్ప్రింగు ఎగిరినా సంచిలోనే ఉంటుంది. ప్రతి దశలోనూ ఫోటో తీసుకుంటే తిరిగి అమర్చడం తేలిక.

ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలను తిరిగి బిగించేటప్పుడు, స్క్రూను ముందు వెనక్కి తిప్పండి. ఒకచోట చిన్నగా టక్‌మని పాత గాడిలో కూర్చుంటుంది, అక్కడినుంచి ముందుకు తిప్పితే కొత్త గాడి కోయకుండా పాతదాని వెంటే దిగుతుంది. ఇలా చేయకపోవడం వల్లే విప్పిన ప్రతిసారీ స్క్రూ మరింత వదులవుతుంది. గాడి అప్పటికే అరిగిపోయి ఉంటే, రంధ్రం గోడలకు సూపర్ గ్లూ పల్చగా రాసి, పూర్తిగా ఆరిన తర్వాతే స్క్రూ ఎక్కించండి, లేకపోతే స్క్రూ శాశ్వతంగా అతుక్కుపోతుంది. రంధ్రం మరీ పాడైతే అటునుంచి ఇటు బోల్టు దూర్చి, వెనక వాషరూ నట్టూ వేయండి.

బైకు హోల్డర్

బైకు హ్యాండిల్ మీది హోల్డర్ తిరిగిపోతుంటే, దాని బిగింపుకూ హ్యాండిల్‌కూ మధ్య సైకిల్ ట్యూబు పట్టీని ఒక చుట్టు చుట్టి బిగించండి. నట్లు అదురుకు వదులవుతుంటే లోపల నైలాన్ వలయం ఉన్న నట్లు వాడండి. యంత్రాల నట్లకు వేసే థ్రెడ్‌లాకర్ ద్రవం ఏబీఎస్, పాలీకార్బనేట్ భాగాలకు తగిలితే అవి నెర్రెలిచ్చి విరగవచ్చు కాబట్టి, ప్లాస్టిక్ హోల్డర్ల దగ్గర దాన్ని వాడకూడదు. హోల్డర్ చేతిలోనో దవడలోనో పగులు కనిపిస్తే మాత్రం, ఎంత మంచి ఎపాక్సీ ఉన్నా అతికించవద్దు. ఆ అతుకు వేగంగా వెళ్తున్నప్పుడు ఊడితే పోయేది ఫోన్ ఒక్కటే కాదు.

అదురు కూడా ఫోన్‌కు హాని చేస్తుంది. శక్తిమంతమైన బైకు ఇంజిన్ల నుంచి హ్యాండిల్‌కు చేరే అదురు, కెమెరాలో చిత్రాన్ని స్థిరంగా నిలిపే అమరికనూ ఆటోఫోకస్‌నూ దెబ్బతీయగలదని యాపిల్ సంస్థ 2021లో తన వినియోగదారులను హెచ్చరించింది. ట్యూబు పట్టీ కొంత అదురును తగ్గించినా పూర్తిగా ఆపలేదు. రోజూ దూరం వెళ్ళేవారు అదురును పీల్చుకునే రబ్బరు దిమ్మెలున్న హోల్డర్ కొనుక్కోవడం మంచిది.

టాబ్లెట్ స్టాండ్లు

టాబ్లెట్ విషయంలో బరువు కంటే చేయి పొడవు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 200 గ్రాముల ఫోన్ 10 సెం.మీ. చేతి చివర ఉన్నప్పటితో పోలిస్తే, 500 గ్రాముల టాబ్లెట్ 40 సెం.మీ. చేతి చివర ఉన్నప్పుడు కీలు మీద పది రెట్ల మెలితిప్పే బలం పడుతుంది. అందుకే ఎటంటే అటు వంగే మెడ ఉండి, ఫోన్‌కు చక్కగా నిలిచిన స్టాండు టాబ్లెట్ పెట్టగానే వాలిపోతుంది. లోపలి తీగ అలసిపోయిన మెడను తిరిగి బిగుతు చేయడం సాధ్యం కాదు. దాన్ని సగానికి వంచి, చేతి పొడవు తగ్గించి వాడండి, లేదా మెడలో మధ్య భాగాన్ని ఒక నిలువు కర్రకు రెండు చోట్ల కట్టి ఆధారమివ్వండి.

స్టాండు పాదం విరిగితే మొత్తం పారేయనక్కరలేదు. చాలా హోల్డర్ల అడుగున కెమెరా ట్రైపాడ్లలో వాడే పావు అంగుళం మర ఉంటుంది. పాత ట్రైపాడ్ ఏదైనా దానికి సరిపోతుంది. ట్రైపాడ్ లేకపోతే, బరువైన చెక్కముక్కకు రంధ్రం వేసి కిందినుంచి అదే కొలత బోల్టు బిగిస్తే స్థిరమైన పాదం తయారవుతుంది. బోల్టు తల చెక్కలోకి దిగేలా అడుగున పల్లం చేయండి. చెక్క వెడల్పును కూడా టాబ్లెట్‌ను పెట్టి చూశాకే నిర్ణయించండి. టాబ్లెట్‌ను అడ్డంగా పెట్టి, తెర పైఅంచును ఒక వేలితో వెనక్కి నొక్కినప్పుడు ముందు అంచు బల్లమీద నుంచి లేవకపోతే ఆ వెడల్పు చాలు. లేస్తే వెనకవైపు మరో 5 సెం.మీ. పెంచి, అడుగున జారకుండా నాలుగు మూలలా ట్యూబు రబ్బరు ముక్కలు అతికించండి.